సంధికి పూచీపడిన తల

పదకొండేళ్లుగా వేములకోటతో సాగిన యుద్ధం ముగిసిందన్న వార్తకు మల్లెకొండ రాజధానిలో వీధివీధినా భేరీలు మోగుతుండగా, బురుజుల మీద పసుపు జెండాలు రెపరెపలాడుతుండగా, ప్రోలభూపతి కొలువులో మాత్రం ఒక్క మొహమైనా విప్పారలేదు. యుద్ధం ఆపిన ఘనత ఎవరిది, నల్లరేవు దుర్గం చేజారిన నింద ఎవరిది? రెండూ ఆనాడే రాగిరేకుకు ఎక్కాలి.

మహామంత్రి మారనామాత్యుడు లేచాడు. "ప్రభూ! సంధి నా బుద్ధిబలాన కుదిరింది. దుర్గం ఈ సేనాపతి పిరికితనాన పోయింది. అట్లే చెక్కించండి."

నాలుగు నెలల ముట్టడిలో ఎముకలగూడైన సేనాపతి రేచనాయకుడు నవ్వాడు. "అమాత్యా, మేము గుర్రపు జీనుల తోలు ఉడకబెట్టుకు తింటున్ననాడు తమరి బుద్ధిబలం ఏ విందులో ఉన్నదో! దుర్గమిచ్చి మూడువేల ప్రాణాలు దక్కించుకున్నాను. సంధిమాట ఆడినవాణ్ణి నేను."

"విన్నారా? రాజాజ్ఞ లేకుండానే దుర్గం ధారపోశానని తానే ఒప్పుకుంటున్నాడు!"

సామంతుల్లో ఎక్కువమంది మంత్రి పక్షమే. రాజు తల దించుకుని "అట్లే కానీ" అన్నాడు. రేకు మీద ఉలి నడిచింది.

అంతలో వేములకోట దూత వచ్చాడు. ఆ రెండు రాజ్యాల నడుమ పాత కట్టడి ఒకటి ఉన్నది; పదకొండేళ్లుగా సంధే లేదు గనుక కొలువు దాన్ని మరిచిపోయింది. సంధి కుదిర్చినవాడు మూడేళ్లు శత్రువు కోటలో పూచీగా ఉండాలి. పూచీ అంటే వట్టిమాట కాదు. ఇటునుంచి ఒక్క బాణం హద్దు దాటినా అక్కడ అతని తల తెగుతుంది.

"రేకు మీద ఎవరి పేరుంటే వారిని పంపండి" అన్నాడు దూత.

మంత్రి మొహం పాలిపోయింది. "నేను ఆలోచన మాత్రమే చెప్పాను. కుదిర్చింది రేచనాయకుడే!"

"ఇప్పుడు గుర్తొచ్చిందా, అమాత్యా?" అని వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు.

"చెక్కిన పేరు నీది. బయలుదేరు" అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ" అన్నాడు రేచనాయకుడు. "ఈయన రెండోనాడే పారిపోతాడు, మూడోనాడు మళ్లీ యుద్ధం. ఆ కట్టడి తెలిసే సంధిమాట ఇచ్చాను, తల నాది. రేకు మీద ఏమైనా రాసుకోండి. నా వాళ్లను మాత్రం మళ్లీ ఆ దుర్గం మీదికి తోలకండి." కత్తి విప్పి రాజు పాదాల చెంత ఉంచి, దూత వెంట నడిచాడు.

రాజు "ఆ రేకు కరిగించండి" అని, మంత్రివైపు తిరిగాడు. "నేటినుంచి హద్దు కాపలా నీది. అక్కడ రేచన తల తెగిననాడు ఇక్కడ నీ తల తెగుతుంది."

పదకొండేళ్ల యుద్ధంలో ఒక్కనాడైనా హద్దు మొహం చూడని మారనామాత్యుడు, ఆ మధ్యాహ్నపుటెండలోనే, గొడుగు పట్టే మనిషైనా లేకుండా సరిహద్దుకు బయలుదేరాడు.