వెనకగదిలోకి వచ్చిన ముడతలమ్మ

"అయ్యో! ముడతలమ్మా!... ఏమైందే తల్లీ నీకు!"

వెనకగదిలోంచి కోడలి కేక వినబడగానే, ముందు కొట్లో ఎవరివో చొక్కాలు పొట్లం కడుతున్న భర్త చేతిలో దారం వదిలేసి పరుగెత్తాడు. ఫ్యాను కింద పేము కుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు "చెయ్యి కాల్చుకున్నావుటే?" అంటూ ఉలిక్కిపడి లేచింది. ఆ గదిలోంచి కేక వచ్చిందంటే చెయ్యి కాలడమే తప్ప ఆ ఇంట్లో మరో అర్థం లేదు మరి!

కానీ కాలింది చెయ్యి కాదు. ఇస్త్రీ బల్ల కింద, కోడలి పాదాల దగ్గర, ముడతలమ్మ పక్కకి పడిపోయి ఉంది. నాలుక నీలంగా మారి బయటికి వేలాడుతోంది. గుండ్రటి కళ్ళు తేలేస్తోంది. ఊపిరి రంపంతో కట్టె కోస్తున్నట్టు గరగరలాడుతోంది... బట్టల మీద చిలకరించే నీళ్ళ గిన్నెను కోడలు దాని ఒంటిమీద కుమ్మరించేసింది. "నా వల్లే... నా వల్లే అయింది!" అంటూ ఏడుస్తోంది.

ఆ ముడతలమ్మ ఆ ఇంటి కుక్క కాదు, ఇంకా కాలేదు. వాళ్ళ కొట్లో బట్టలిచ్చే పళ్ళ డాక్టరమ్మది. ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోతోంది. అక్కడ దొరికిన ఇంట్లో కుక్కల్ని రానివ్వరట. ఇంట్లో కుక్క కావాలని కోడలి కూతురు చిట్టి ఎన్నాళ్ళనుంచో ప్రాణం తీస్తోందని తెలిసి, తన పగ్‌ జాతి కుక్కను తీసుకొచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. "కొన్నాళ్ళు ఉంచుకుని చూడండి. నేను వెళ్ళేలోపు చెప్పండి. కుదరకపోతే మా చెల్లెలు తీసుకెళ్తుంది. ఒక్కటే మాట, దీని ముక్కు పొట్టిది. వేడి అస్సలు పడదు. చల్లటి చోట ఉంచండి" అని మరీ మరీ చెప్పింది.

ఆ రోజు ఇల్లంతా ఒకటే గోల! "ఇస్త్రీ చేసేవాళ్ళింట్లో ఇన్ని ముడతల కుక్కా! చూసినవాడు మన పనితనాన్ని నమ్ముతాడా?" అని నవ్వాడు భర్త. పేరూ ఆయనే పెట్టాడు.

"అదేం మూతిరా! తలుపుకి గుద్దుకున్నట్టుంది. దొంగొస్తే ఇది మొరుగుతుందా, గురకపెడుతుందా?" అంది అత్తగారు.

"నువ్వూ గురకపెడతావు కదా నానమ్మా! నిన్నేమైనా వెళ్ళగొట్టామా?" అంది చిట్టి. అత్తగారు మనవరాలి చెవి మెలిపెట్టింది గానీ, ఆ పూటే పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి తన కుర్చీ పక్కనే పక్క వేసింది. భర్త స్టూలు ఎక్కి, గాలి సరిగ్గా ఆ పక్క మీద పడేలా గోడ ఫ్యాను వంచాడు. "పాపం, నోరులేని జీవం. గాలాడాలి కదా!" అన్నాడు.

గుమ్మంలో నిలబడి కోడలు అదంతా చూసింది. చెమటకి తడిసిన కొంగుతో మొహం తుడుచుకుంది. తిరిగి వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ గది సంగతి చెప్పాలి. తెల్లబట్టల మీద దుమ్ము పడుతుందని దాని కిటికీకి అత్తగారి కాలంలోనే మేకులు కొట్టేశారు. మడతలు చెదిరిపోతాయని ఫ్యాను పెట్టలేదు. ఒక మూల గంజి కాగే పొయ్యి, మధ్యలో బల్ల, బల్ల మీద కాలే ఇస్త్రీ పెట్టె. పెళ్ళైన కొత్తలో కోడలు ఒకసారి "ఉక్కగా ఉందత్తయ్యా" అంది. "నేను బొగ్గుల పెట్టెతో నిలబడ్డానే తల్లీ! నీకు కరెంటు పెట్టె... అదృష్టవంతురాలివి!" అంది అత్తగారు, నిజంగానే అలా అనుకుని. ఆ తర్వాత కోడలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. భర్త చెడ్డవాడు కాదు, కొట్టడు, తిట్టడు, నవ్విస్తాడు. కానీ ఆయనైనా, అత్తగారైనా, ఆఖరికి చిట్టి అయినా ఆ గుమ్మం దగ్గరికి వచ్చి అడిగేది ఒకే మాట... "అయ్యాయా?" అయిన బట్టలు తీసుకుని ముందుకెళ్ళిపోతారు.

అలాంటి గదిలోకి, ఏ పనీ లేకుండా, కేవలం ఆమె కోసం వచ్చిన మొదటి ప్రాణి ముడతలమ్మ! మెత్తటి పక్కా, చల్లటి గాలీ వదిలేసి గోళ్ళు టక్కుటక్కుమనిపించుకుంటూ వచ్చేది. చప్పిడి మూతితో తలుపు నెట్టుకుని, బల్ల కిందికి దూరి, ఆమె పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. తీసుకెళ్ళి ముందు గదిలో వదిలితే మళ్ళీ వచ్చేది. తలుపు వేస్తే గీకి గీకి ఏడ్చేది. కోడలు దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. "చూడవే, ఈ కాలర్ ఎంత మొండిదో!... చూడవే, ఈ జేబులో మళ్ళీ పెన్ను మర్చిపోయారు!" అది తల పక్కకి వంచి వినేది. ఎన్నేళ్ళయింది, ఆమె మాట ఒకరు అలా తల వంచి విని! ఇంకాసేపు ఉండనిద్దాం, ఇంకొక్క దుప్పటి అయ్యాక పంపించేద్దాం అనుకుంటూనే... ఇవాళ ఎండ ముదిరింది, హోటలు వాళ్ళ దుప్పట్లు గుట్టగా పడ్డాయి, ఆమె ఏమరుపాటున ఉండిపోయింది.

భర్త కుక్కని ఎత్తుకోబోతే అది ఆ స్థితిలోనూ గిలగిల కొట్టుకుంది. కోడలు ఎత్తుకుంటేనే నిలిచింది.

"నువ్వే తీసుకెళ్ళు. పశువుల డాక్టరు వీధి చివరే కదా! దుప్పట్లు నేను చూసుకుంటా" అన్నాడు.

"మీకు ఆ పెట్టె అలవాటు తప్పింది కదండీ..."

"ఇస్త్రీవాళ్ళింట్లో పుట్టినవాణ్ణి, నాకు చెప్తావా? పరుగెత్తు ముందు!"

పశువుల డాక్టరు తడిగుడ్డలు చుట్టి, మూతికి గాలి గొట్టం పెట్టాడు. చాలాసేపటికి ముడతలమ్మ నాలుక గులాబీరంగుకి తిరిగింది.

"ఎక్కడుంచుతారమ్మా దీన్ని?"

ఆమె గది సంగతి చెప్పింది... పొయ్యి, పెట్టె, మేకులు కొట్టిన కిటికీ.

"అలాంటిచోట ప్రాణి ఎలా ఉంటుందమ్మా!" అన్నాడు ఆయన, చేతులు కడుక్కుంటూ.

'ఉంటున్నాం కదండీ' అనబోయి ఆమె ఊరుకుంది. "ముందు గదిలో గాలొస్తుందండీ. కానీ అక్కడ ఉండదు. నేనెక్కడుంటే అక్కడికే వస్తుంది" అంది.

"పగ్‌లంతేనమ్మా, మనిషిని వదలవు. అయితే ఇది మీ ఇంటికి తగిన కుక్క కాదు. మళ్ళీ ఇలా అయితే నేనేమీ చెయ్యలేను."

ఎండ చల్లబడేదాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుందామె. ఒళ్ళోని ముడతలమ్మ, ఆమె మణికట్టు మీది పాత కాలిన మచ్చల్ని ఒక్కొక్కటే నాకుతోంది. "ఇచ్చేస్తానే నిన్ను..." అంది. "నీ మీద ప్రేమ లేక కాదే పిచ్చిమొహమా! నువ్వు బతకాలి..." అంటూ దాని చెవి నిమిరింది. రేపటినుంచి మళ్ళీ ఆ గది. ఆ గుమ్మం. "అయ్యాయా?"...

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే చిట్టి భోరుమంది. "నీకెప్పుడూ పనే! నీకు అసలు ప్రేమంటే తెలీదమ్మా!"

కోడలు ముడతలమ్మని ఫ్యాను కింద పక్క మీద దించింది. మాటకి ముందు మాట పెట్టే అత్తగారు, ఖాళీ నీళ్ళచెంబు పట్టుకుని నేల చూస్తోంది.

"ఆయనేరత్తయ్యా?"

అత్తగారు వెనకగది వైపు చూపించింది.

భర్త గుమ్మానికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. మొహం కందిపోయింది. మణికట్టు దగ్గర ఎర్రగా కాలిన గీత. దుప్పట్ల గుట్ట సగం కూడా తరగలేదు!

"అది... బాగుందా?" అన్నాడు.

"బాగుందండీ. రేపే ఇచ్చేద్దాం. ఈ ఇంట్లో అది బతకదు."

"ఇవ్వక్కర్లేదు" అన్నాడు ఆయన నెమ్మదిగా. "బల్ల ముందుకి తెచ్చేద్దాం, వీధి కిటికీ పక్కకి. గిరాకీల బెంచీ బయట వేద్దాం. గంజి పొయ్యి పెరట్లోకి. ఈ మేకులు రేపు పీకించేస్తా."

"గాలికి మడతలు చెదిరిపోతాయి కదండీ!"

"చెదిరితే మళ్ళీ పెడదాం."

ఇన్నేళ్ళుగా లేనిది, ఆమె నోటినుంచి ఆమెకే తెలియకుండా ఊడిపడింది ఆ ప్రశ్న. "కుక్క కోసమా?"

చిట్టి ఏడుపు ఆగిపోయింది.

ఆయన తల ఎత్తలేదు. "పెట్టె చేత్తో పట్టుకున్నప్పుడు కుక్క కోసమే అనుకున్నాను. దానికెంత వేడి తగిలిందో చూద్దామని... కానీ కాసేపు అక్కడ నిలబడ్డాక నాకు కుక్క గుర్తుకు రాలేదు."

అంతే! కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. చెమటో కన్నీరో తెలియకుండా ఇన్నేళ్ళు కలిసిపోయిందంతా ఒక్కసారిగా పొంగింది. చిట్టి వచ్చి తల్లి నడుముకి చుట్టుకుపోయింది. "అమ్మా... నేనలా అనకూడదమ్మా..." అత్తగారు దగ్గరికొచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ మచ్చల పక్కన తన మణికట్టు ఆనించింది. అచ్చం అవే మచ్చలు, కాస్త పాతవి.

"వాడికి నీళ్ళిద్దామని లోపలికెళ్ళానే" అంది. "బొగ్గుల పెట్టెతో నిలబడి నిలబడి, నేనూ ఒకనాడు ఆ బల్ల కింద కూలబడి ఏడ్చాను. ఆ సంగతే మర్చిపోయాను చూడు! నేను నిలబడ్డాను కదా అని నిన్నూ నిలబెట్టేశాను..."

"ఊరుకోండత్తయ్యా..."

"ఏం ఊరుకోను? ఇన్నాళ్ళూ ఊరుకునేగా!"

ఆ సాయంత్రమే బల్ల కదిలింది. నలుగురూ తలోవైపు పట్టి, గుమ్మంలో ఇరికి, "అటు కాదు, ఇటు!" అని అరుచుకుని, చివరికి వీధి కిటికీ పక్కకి చేర్చారు. కోడలు అలవాటుగా పెట్టె అందుకోబోయింది. అత్తగారు అడ్డం వచ్చింది. బల్ల కోసం జరిపిన తన పేము కుర్చీని మళ్ళీ ఫ్యాను కిందికి లాగింది. ఆ కుర్చీలో ఆవిడ తప్ప మరొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు.

"కూర్చో."

"దుప్పట్లు మిగిలాయి అత్తయ్యా..."

"వాడున్నాడుగా! కూర్చోమంటుంటే!"

కోడలు కుర్చీ అంచున, ఎవరో లేవమంటారేమో అన్నట్టు కూర్చుంది. నెమ్మదిగా వెనక్కి వాలింది. చల్లగాలి మెడ వెనక తడిమీద తగిలింది. టక్కుటక్కుమంటూ ముడతలమ్మ వచ్చి, ఆమె పాదం మీద గడ్డం ఆనించి, ఒక్క నిట్టూర్పు విడిచి గురకపెట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పవే" అంది అత్తగారు. "డాక్టరమ్మకి ఏమని చెప్పను? ఇచ్చేద్దామా, ఉంచుకుందామా?"

ఆ ఇంట్లో ఏదైనా ఆమెని అడిగి తేల్చడం అదే మొదటిసారి. ఆమె వంగి ముడతల మధ్య తడిని కొంగుతో అద్దింది.

"ఉంచుకుందాం అత్తయ్యా. కానీ మధ్యాహ్నం పూట దీన్ని బయట తిప్పకూడదు. మీరు చాటుగా తినిపించకూడదు. లావైతే దీనికి ఆయాసం ఎక్కువవుతుంది!"

"నేనెప్పుడు తినిపించానే!" అంది అత్తగారు. చిట్టి కిసుక్కున నవ్వింది.

కిటికీ పక్కన భర్త పళ్ళ బిగువున ఒక దుప్పటితో కుస్తీ పడుతున్నాడు. ఒక కొస లాగితే రెండో కొస జారిపోతోంది. కోడలు కాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. కుర్చీలోంచి లేవకుండానే, గొంతు కాస్త పెంచి అడిగింది...

"ఏమండీ! అయ్యాయా?"