ముందు నీళ్ళు, తర్వాత ఇంజను

భీమరాజు చేసిన అన్యాయాన్ని వీరాస్వామి పదకొండేళ్ళయినా మరిచిపోలేదు. మరిచిపోదామని అనుకోనూ లేదు. అతని పొలానికి మూడు పక్కలా రొయ్యల చెరువులు తవ్వించి, ఉప్పునీళ్ళు ఊరబెట్టి, పొట్ట మీదున్న వరిని నిలువునా మాడ్చేశాడు ఆ భీమరాజు. అడగడానికి వెళితే కుర్చీలోంచి లేవకుండా, "చవుడు నేల నీకెందుకోయ్, సంతకం పెట్టి పో" అన్నాడు. ఎదురుగా నిలబడ్డవాడి ముఖం కూడా చూడలేదు. వీరాస్వామి సంతకం పెట్టి వచ్చేశాడు.

ఏడో తరగతిలో బడి మానేసి, బోటు ఇంజన్ల కింద పాకి పెద్దవాడైన ఆ వీరాస్వామి, 1999 నాటికి మన గూఢచారి శాఖలో ఏజెంట్ జి-11.

డిసెంబరు నెలలో ఒక ఉదయం, రాజమండ్రిలో ప్లైవుడ్ దుకాణం మేడ మీద, చీఫ్ అతని ముందు ఒక ఫోటో పడేశాడు. భీమరాజు. ఒళ్ళు చేశాడు. జుట్టుకు రంగేశాడు.

"రొయ్యల ఎక్స్‌పోర్టు పైకి కనిపించే బిజినెస్. లోపల విదేశీ ముఠా ఉంది. మన నేవీ సముద్రం అడుగున వేసిన సోనార్ కేబుళ్ళ మ్యాపు, మైక్రోఫిల్మ్ రూపంలో, జెరోమ్ అనే వాడి బ్రీఫ్‌కేసులో ఉంది. ఈ సాయంత్రం వాడు భీమరాజు స్పీడు బోటులో ఉప్పుటేరు దాటి, సముద్రంలో ఆగి ఉన్న ఓడ ఎక్కుతాడు."

"పోటు ఎన్నింటికండి?"

"నాలుగుంపావు. మన కోస్ట్‌గార్డూ పోలీసులూ ఐదింటికి గాని అక్కడికి చేరరు. ఆ ముప్పావుగంట బోటు కదలకూడదు."

"ఇంజను చెడగొట్టేస్తానండి."

"నీ చెయ్యి పడిందని తెలిస్తే జీపెక్కి పోతారు. తుపాకీ మోగితే ఫిల్మ్ ఏట్లోకి విసిరేస్తారు. నాకు ఫిల్మూ కావాలి, మనుషులూ కావాలి."

బోటు ప్రస్తుతం గట్టు మీదుంది. ఏటి బురద పట్టి ఇంజను వేడెక్కిపోతోంది. దాన్ని మంచినీళ్ళతో కడిగి, గట్టు మీదే నడిపి చూసి, పోటుకి దింపాలి. అందుకు కాకినాడ నుంచి సత్తియ్య అనే మెకానిక్కుని పిలిపించారు. అసలు సత్తియ్య అప్పటికే పోలీసు గెస్ట్‌హౌస్‌లో కోడికూర తింటున్నాడు.

"అక్కడ సుప్రియ అని మన మనిషి ఉంది. భీమరాజు ఎక్స్‌పోర్టు మేనేజరు. రెండు వైపులా జీతం తీసుకుంటోందని నా అనుమానం. చూసుకుని నడుచుకో." చీఫ్ ఒక గ్రీజు గన్ను బల్ల మీద పెట్టాడు. లోపల ట్రాన్స్‌మిటర్. "ఫిల్మ్ కంటబడగానే రెండుసార్లు నొక్కు. అన్నట్టు, నీకు భీమరాజు మీద పగ ఉందటగా?"

"ఉందండి."

"అందుకే పంపుతున్నాను. జీతం కోసం చేసేవాడైతే ఐదింటికి ఇంటికి పోతాడు."

మధ్యాహ్నం మూడున్నరకి వీరాస్వామి, సత్తియ్యగా, ఉప్పుటేరు గట్టు మీదున్నాడు. మూడు నెలల గడ్డం, నూనె మరకల చొక్కా. వేషం అంతకు మించి అక్కర్లేదు. భీమరాజు మెకానిక్కు చేతులు చూస్తాడు గాని ముఖం చూడడు.

బోటు సరుగుడు దుంగల మీద ఒరిగి ఉంది. గొడుగు నీడలో సూటు వేసుకున్న జెరోమ్, మోకాళ్ళ మీద బ్రీఫ్‌కేసు. మడతకుర్చీలో భీమరాజు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర షిఫాన్ చీర, బురదలో దిగబడుతున్న హైహీల్స్‌తో సుప్రియ.

"ఆత్రేయపురం పూతరేకులు తెచ్చావా?" అందామె, బోటు చుట్టూ తిరుగుతున్నట్టు దగ్గరికొచ్చి.

"బెల్లంవేనండి. పంచదారవి అయిపోయాయి."

కోడ్ సరిపోయింది. ఆమె చిరునవ్వు ఎవరి వైపుందో మాత్రం తెలియలేదు.

జెరోమ్ బ్రీఫ్‌కేసు తెరిచి, ఫిల్మ్ డబ్బా చూసుకుని మూసేశాడు. వీరాస్వామి గ్రీజు గన్ను రెండుసార్లు నొక్కి, ఇంజను మూత ఎత్తాడు.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు భీమరాజు.

"డ్రమ్ములో కాలవ నీళ్ళు నింపానండి. ఈ పైపు అందులో ముంచి ఇంజను స్టార్ట్ చేస్తే, కావలసినన్ని నీళ్ళు అదే పీల్చుకుంటుందండి."

"ముందు ఇంజనా? నీళ్ళు లేకుండా?" భీమరాజు లేచి నిలబడ్డాడు. "ముప్ఫై ఏళ్ళుగా పంపులు నడుపుతున్నానోయ్. పంపుకి ముందు నీళ్ళు పోసి, ఆ తర్వాతే తిప్పుతాం. లేకపోతే గాలి పట్టేస్తుంది."

"అది చెరువు పంపండి. ఇది బోటింజను. ఇది తిరుగుతుంటేనే పొగ నీళ్ళని బయటికి తోస్తుంది. ఆగి ఉన్నప్పుడు నీళ్ళు తోలితే పొగగొట్టం నిండి వెనక్కి సిలిండర్లలోకి దిగుతాయండి."

ప్రతి మాటా నిజమే. కూలివాడి నోట వచ్చిన నిజాన్ని భీమరాజు ఏం చేస్తాడో వీరాస్వామికి తెలుసు.

కానీ భీమరాజు ఆ రోజు జాగ్రత్తపడ్డాడు. "సుప్రియా, ఇంజను పుస్తకం ఉందిగా. అందులో ఏం రాశారో చదువమ్మా."

సుప్రియ పేజీలు తిప్పింది. అబద్ధం చదువుతుందని వీరాస్వామి ఎదురుచూశాడు. ఆమె కళ్ళద్దాలు పైకి తోసి, తీరిగ్గా చెప్పింది.

"ఇంజను ఆగి ఉండగా నీళ్ళ కుళాయి తెరవకూడదని ఉందండి. అతను చెప్పిందే కరెక్టు."

పుస్తకంలో ఉన్నట్టు కడిగితే బోటు పోటుకి బయల్దేరిపోతుంది. భీమరాజు చెయ్యి డ్రమ్ము వైపు వెళుతోంది. టైము మూడూ యాభై.

"చూశారాండి," అన్నాడు వీరాస్వామి, సూటు మనిషికి కూడా వినబడేలా నవ్వుతూ. "మీకు రొయ్యలు తెలుసేమో గాని ఇంజన్లు తెలీవండి. అలా కూర్చోండి, పని తెలిసినవాణ్ణి చేసుకోనివ్వండి."

భీమరాజు మెడ ఎర్రబడింది. కాలితో తన్నితే డ్రమ్ము దొర్లిపోయింది. చెరువులోకి కాలవ నీళ్ళు తోడే ఐదు హార్స్‌పవర్ పంపు పైపుని ఇంజనుకి తనే బిగించి, తనే పంపు వేశాడు. "పుస్తకాలు రాసినోళ్ళు చెరువులు తవ్వారంట్రా?"

ఆరు నిమిషాలు కాలవ నీళ్ళు ఆగిన ఇంజనులోకి పోయాయి. వీరాస్వామి చేతులు కట్టుకుని చూశాడు.

"ఇప్పుడు చూడు," అని భీమరాజు తాళం తిప్పాడు. ఠక్‌మని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పాడు. ఠక్. మూడోసారి పట్టుదలగా తిప్పేసరికి, సిలిండర్లో నిండిన నీళ్ళకి లోపల కనెక్టింగ్ రాడ్ వంగింది. ఆ కిర్రుమన్న చప్పుడు వీరాస్వామి చెవికి సన్నాయిలా వినిపించింది.

"కంగారేం లేదండి. ఇంజెక్టర్లు విప్పితే నీళ్ళు పోతాయి. అరగంట పనండి."

మొదటి బోల్టుకి పది నిమిషాలు పట్టింది. రెండోదానికి పన్నెండు. పోటు వచ్చి దుంగల్ని తడిపి, నిలిచి, తీయడం మొదలుపెట్టింది. నాలుగూ యాభైకి జెరోమ్ ఏదో ఇంగ్లీషులో తిట్టి, బ్రీఫ్‌కేసుతో జీపు వైపు పరుగెత్తాడు. డ్రైవరు సీట్లో కూర్చుని, తాళాలు దగ్గరున్న సుప్రియ వైపు చెయ్యి చాచాడు.

సుప్రియ హ్యాండ్‌బ్యాగులో వెతికింది. మెల్లగా, పౌడరు డబ్బా, దువ్వెన, రుమాలు ఒక్కొక్కటే తీస్తూ వెతికింది. తాళాలు చేతికి తగిలినట్టే తగిలి, జారి, ఏట్లో పడ్డాయి.

"అయ్యో, సారీ," అంది.

గట్టు మీద పోలీసు జీపులు, ఏరు సముద్రంలో కలిసే మొగలో కోస్ట్‌గార్డు బోటు ఒకేసారి కనిపించాయి. జెరోమ్ జీపు దిగి ఏటి అంచుకి పరుగెత్తి, ఫిల్మ్ డబ్బాని విసరడానికి చెయ్యెత్తాడు. వీరాస్వామి చేతిలోని స్పానర్ ముందే లేచి అతని మణికట్టు మీద దిగింది. డబ్బా బురదలో పడింది.

"పుస్తకం ఎందుకు నిజంగా చదివావు?" అన్నాడు వీరాస్వామి సుప్రియతో.

"నిజం చదివితే ఎవరు గెలిచినా నా తప్పుండదు," అందామె. "తాళాలంటావా, అప్పటికి ఎవరు గెలిచారో తెలిసిపోయిందిగా."

బేడీలు పడ్డ భీమరాజు ముందుకెళ్ళి నిలబడ్డాడు వీరాస్వామి. పదకొండేళ్ళుగా ఈ నిమిషం కోసమే బతికాడు. "నా ముఖం చూడండి రాజుగారూ. నేను వీరాస్వామిని."

భీమరాజు ఈసారి ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏ వీరాస్వామి?" అన్నాడు.

మర్నాడు చెరువులన్నీ జప్తు చేశారు. పంచనామా కాగితం మీద సాక్షి సంతకం పెట్టమని చీఫ్ పెన్ను ఇచ్చి, డిపార్ట్‌మెంటు తరపున అభినందనలు చెప్పాడు. సర్వే నంబర్ల వరసలో ఆరోది వీరాస్వామికి కంఠతా వచ్చిన నంబరే, ఒకప్పటి తన పొలానిది. అదీ ప్రభుత్వానికే పోతోంది. ఆ భూమికి అతను రెండోసారి సంతకం పెట్టాడు. విస్తీర్ణం రెండెకరాల ముప్ఫై ఏడు సెంట్లు.