పీటముడి

“చీమలు! అమ్మా, బెల్లం ఆవకాయ నిండా చీమలు!”

ఇందుమతి కేకకి ఇంట్లో వాళ్లంతా వంటింట్లోకి వచ్చేశారు. చిన్న జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆ సందులోంచి చీమలు బారులు తీరి లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

“రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ వేసుకుంది వీడే,” అంది ఇందు, తమ్ముడి వైపు వేలు చూపిస్తూ. “వాసెన విప్పాడు, మళ్లీ కట్టకుండా వదిలేశాడు.”

“నేను ముడి విప్పలేదు!” అన్నాడు రాఘవ. వాడు మూడో తరగతి. ఇందు ఆరు.

“విప్పకుండా ఎలా వచ్చిందిరా? ఆవకాయే నడుచుకుంటూ వచ్చి నీ కంచంలో పడిందా?”

“విప్పలేదంటే విప్పలేదక్కా! ఒట్టు!”

“అబద్ధానికి ఒట్టొకటి! సాయంత్రం నేను తాడు రెండు చుట్లు తిప్పి మరీ గట్టిగా కట్టాను.”

రాత్రి రాఘవ జాడీ దగ్గర నిలబడి ఉండడం అమ్మ చూసింది. ఎండలో రోజూ మేడ ఎక్కి దిగి పెట్టిన ఆవకాయ అది. ఆవిడకి ఒళ్లు మండింది.

“కట్టకపోతే కట్టలేదను. అబద్ధం ఎందుకురా? ఆదివారం నాన్నతో బాపట్ల అక్కే వెళ్తుంది. నువ్వు ఇంట్లో ఉండు.”

రాఘవ మొహం చిన్నబోయింది. వాడు ఇంతవరకు సముద్రం చూడలేదు. బాపట్లలో పని చూసుకున్నాక సూర్యలంక తీసుకెళ్తానని నాన్న అన్న రోజే, గవ్వలకోసం ఒక సీసా కడిగి కిటికీలో ఆరబెట్టుకున్నాడు.

నాయనమ్మ మంగతాయారు మాత్రం ఇందు వైపు చూసింది. “నువ్వు కళ్లారా చూశావుటే?”

“చూడక్కర్లేదు నాయనమ్మా. వాడే.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

ఆ రోజు స్కూల్లో హమీదా టీచర్ బోర్డు మీద ‘దృఢం’ అని రాసింది.

“గైడ్లు తియ్యొద్దు. ఇదే అర్థానికి మీ ఇళ్లల్లో ఏమంటారో చెప్పండి.”

“గట్టి అంటామండి.”

“దిట్టం అంటుందండి మా అమ్మమ్మ,” అంది ఆయేషా. “కొత్త మంచం కొన్నప్పుడు కూర్చుని చూసి, ‘దిట్టంగా ఉంది’ అంది.”

“నన్ను ఉక్కుముక్క అంటారండి,” అన్నాడు సైఫుల్లా. వాడి చేతులు అగ్గిపుల్లల్లా ఉంటాయి. క్లాసంతా ఘొల్లున నవ్వింది.

ఇందు లేచింది. “మొండి అండి.”

సుద్దముక్క పట్టుకున్న టీచర్ చెయ్యి ఆగింది. “గట్టీ మొండీ ఒకటేనంటావా?”

“రెండూ కదలవు కదండీ.”

“మరి గట్టివాణ్ణి మెచ్చుకుంటాం. మొండివాణ్ణి చూసి తల పట్టుకుంటాం. ఎందుకంటావు? ఆలోచించి రేపు చెప్పు.”

ఇంటికొస్తూ రైలు గేటు దగ్గర ఆగినప్పుడు కూడా ఇందుకి అదే ఆలోచన. రైలు పట్టా గట్టిది, కానీ మొండిది కాదు. పక్కన ఒక ఆటో ఎంత లాగినా స్టార్టవకుండా మొండికేసింది. దాన్నెవరూ గట్టిదనరు. అయితే తేడా ఏంటి? గేటు లేచింది గానీ జవాబు దొరకలేదు.

ఇంటికి రాగానే అమ్మ, “ఆవకాయ బాగుచేసి జాడీ మార్చాను. వాసెన కట్టవే,” అని ఉతికిన గుడ్డ చేతికిచ్చింది. “తాడు అలమారలో ఉంది.”

ఇందు తాడు తీసింది. అది గాజులా గుండ్రంగా ఉంది. రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. ముడీ అలాగే ఉంది. నిన్న తను వేసిన ముడే!

గోళ్లతో లాగింది. రాలేదు. పళ్లతో లాగింది. పళ్లు జివ్వుమన్నాయి.

ముడి విప్పనేలేదు. మరి ఆవకాయ ఎలా తిన్నాడు?

“రాఘవా, ఇలా రా. రాత్రి ఏం చేశావు?”

“ముడి రాలేదక్కా. గోరు కూడా విరిగింది, చూడు. అందుకని గుడ్డా తాడూ కలిపి టోపీలా పైకి లాగేశా. తిన్నాక మళ్లీ టోపీలా పెట్టేశా.”

“ఆ ముక్క పొద్దున చెప్పొచ్చుగా!”

“నువ్వు చెప్పనిస్తేగా!”

నాయనమ్మ వచ్చి తాడు చూసింది. “పీటముడి వేశావా తల్లీ! దీన్ని ఎవరు విప్పాలి?”

“గట్టిగా కట్టమన్నారుగా.”

“కట్టమన్నాం. కావలసినప్పుడు విప్పుకోవద్దూ?”

ఆవిడ కొత్త తాడు తీసుకుని జాడీ మూతికి చుట్టింది. కొసని మడిచి చుట్టు కింద దూర్చి బిగించింది. ఇందు గుడ్డ పట్టుకుని లాగింది. ఇసుమంత కూడా కదల్లేదు. నాయనమ్మ కొస పట్టి ఒక్క లాగు లాగింది. తాడు చేతిలోకి వచ్చేసింది.

“ఇంకోసారి చూపించు నాయనమ్మా,” అంది ఇందు. మెల్లిగా అంది.

పొద్దున తను అంత ఖాయంగా చెప్పింది. ఇప్పుడు మాట మారిస్తే అమ్మ ఏమంటుంది? బాపట్ల ప్రయాణం పోతుందేమో. చెప్పకపోతే? కిటికీలో రాఘవ సీసా ఖాళీగా మెరుస్తోంది.

రేపల్లె నుంచి నాన్న వెంకటరత్నం వచ్చేసరికి భోజనాల వేళయింది. అందరూ కంచాల ముందు కూర్చున్నారు. నాన్న కొత్త సెల్‌ఫోన్‌లో అలారం పెడుతూ, “ఆదివారం పెందలాడే లేవాలి ఇందూ,” అన్నాడు. రాఘవ తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు.

ఇందు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

“నాన్నా, రాఘవ అబద్ధం చెప్పలేదు. ముడి వాడు విప్పలేదు. నేను పీటముడి వేశాను, అది ఎవరికీ రాదు. పొద్దున నేనన్న మాట తప్పు. ఆదివారం వాణ్ణి తీసుకెళ్లండి. నేను ఇంట్లో ఉంటాను.”

అమ్మ చేతిలో గరిట ఆగింది. రాఘవ తలెత్తాడు.

నాయనమ్మ ఓరగా చూసింది. “ఇదన్నా ఖాయమేనా?”

ఇందు కాస్త ఆలోచించింది.

“ఖాయమే నాయనమ్మా. కాకపోతే, నాన్న ఇద్దర్నీ రమ్మంటే మాత్రం ఈ ముడి విప్పేసుకుంటాను.”