ఆయిల్ గొట్టంలో గాలి

ఉదయం తొమ్మిది గంటలకి ఏజెంట్ తాబేలుకి దేశాన్ని కాపాడే పని పడింది. ఆ నెలలో అది నాలుగోసారి.

ఫోన్‌లో చీఫ్ గుసగుసగా మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ అంతే. ఆయన పెళ్లికి సరేనన్న సంగతి కూడా పెళ్లికూతురికి మూడో రోజుకి గానీ తెలియలేదట.

"గొడుగు తడిసింది."

"ఆరబెట్టాం సార్."

"కోడ్ సరిపోయింది. విను. హార్బర్ సిగ్నల్ బుక్ పోయింది. అది విదేశీ ముఠా చేతికి వెళ్తే మన ఓడ ఒక్కటి కూడా రేవు దాటదు. ఇప్పుడది మేడమ్ దగ్గరుంది."

మేడమ్ డబుల్ ఏజెంట్. ఆమె మీద నిఘా పెట్టిన ఆరుగురూ రిపోర్టుల్లో ఆమె చెవిదుద్దుల గురించి నాలుగేసి పేజీలు రాశారు. ఎవరి తరఫున పనిచేస్తోందో రాయడం మర్చిపోయారు.

"పదింటికి స్పీడ్‌బోట్‌లో బయలుదేరుతుంది. సముద్రంలో బూడిదరంగు ఓడ ఉంది. పాతిక నిమిషాల దూరం. మన లాంచీలు మూడూ రిపేర్లో ఉన్నాయి. ఆ బోటు మోటారు మధ్యలో ఆగిపోవాలి."

"మోటారు ఎక్కడుంది సార్?"

"సర్వీసింగ్‌లో. మీ అక్క షెడ్డులో."

పావుగంటలో తాబేలు ప్లంబర్ వేషంలో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. గోడకి స్పానర్లు సైజువారీగా వేలాడుతున్నాయి. మధ్యలో స్టాండుకి బిగించిన, పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు, పైమూత లేకుండా. దాని మీదకి వంగి ఉంది అక్క.

"ఆ మీసం పీకెయ్‌రా, ఆయిల్లో పడుద్ది," అంది తల ఎత్తకుండానే.

వేషం ముగిసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"గాలి తీస్తున్నా. టూ-స్ట్రోక్ కదా, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా వెళ్లాలి. ఇదిగో ఈ గొట్టంలోంచి పంపుకి వస్తుంది. ఇందులో గాలి చేరిందనుకో, పంపు ఊరికే తిరుగుద్ది, ఆయిల్ నెట్టదు."

పంపు మీద చిన్న స్క్రూ వదులు చేసింది. నురగ వచ్చింది. బుడగలు వచ్చాయి. చివరికి చిక్కటి ఆయిల్ ఒకే ధారగా కారింది. అప్పుడు బిగించింది.

"తీయకపోతే?" చాలా మామూలుగా అడిగాడు తాబేలు. అంత మామూలుగా అడగడానికి ఆర్నెల్లు ట్రైనింగ్ ఇచ్చారు.

"అయిదు నుంచి పన్నెండు నిమిషాల్లో పిస్టన్లు పట్టేస్తాయి, మోటారు బిగుసుకుపోద్ది. ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉంటుంది కాబట్టి అలారం కూడా మోగదు. నా షెడ్డులోంచి మాత్రం అలాంటి మోటారు బయటికి పోదు."

ఆమె చేతులు కడుక్కోడానికి వెళ్లింది. సబ్బుతో, మోచేతుల దాకా. రెండు నిమిషాలు. తాబేలు జేబులో కెమెరా, టార్చి, రంపం అన్నీ ఉన్న పెన్ను ఉంది. అది రాయడం తప్ప అన్నీ చేస్తుంది. గొట్టం క్లిప్పుని మాత్రం వేలిగోరుతోనే లాగాడు. గొట్టంలో ఆయిల్‌ని రుమాల్లోకి వంచేసి, ఖాళీది తిరిగి తగిలించాడు. మూత వేశాడు.

పదింటికి బోటు జెట్టీ వదిలింది. మేడమ్ నల్లకళ్లద్దాలతో ముందు కూర్చుంది. షెడ్డు గుమ్మంలోంచి అక్క నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"మీ బావ చూడరా, ఎంత దర్జాగా తోలుతున్నాడో!"

"బావా?"

"వాళ్ల డ్రైవర్‌కి సముద్రం పడదంట. ఇందాకే ఈయన్ని పిలిచారు."

రేవు బయట రాళ్ల సందు ఉంది. అక్కడ ఇంజను ఆగితే అల బోటుని ఎత్తి రాళ్ల మీద కొడుతుంది. పన్నెండు నిమిషాల దూరం. బావ ఫోన్ బల్ల మీదే ఉంది.

"అక్కా," అన్నాడు. "నేనొక పని చేశాను."

మొత్తం చెప్పాడు. రుమాలు చూపించాడు. అక్క రుమాలుని వేలితో తాకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండనిపించింది తాబేలుకి.

"బోటెక్కు," అంది.

అది అక్క మోటార్లు పరీక్షించే ట్రయల్ బోటు. దాన్ని దాటిపోయిన కొంగలు వెనక్కి తిరిగి చూసేవి. అక్క మోటారు మీద చెయ్యి వేసి, ముందుకి చూస్తూనే మాట్లాడింది.

"గాలి తీసిన ప్రతి మోటారుకీ మొదటి క్యాన్ పెట్రోల్లో నేనే ఆయిల్ కలిపి పంపిస్తా. పంపు మీద నాకు అంత నమ్మకం లేదు. ఆ క్యాన్ ఉన్నంతసేపు పంపు పనిచెయ్యకపోయినా ఏం కాదు."

"ఎంతసేపు వస్తుంది?"

"మెల్లగా పోతే ఇరవై నిమిషాలు. మీ బావ మెల్లగా ఎప్పుడు పోయాడు?"

రాళ్ల సందు దగ్గర ఇద్దరూ నీళ్లని వెతుకుతూ పోయారు. నురగలో చెక్కముక్క ఒకటి తేలుతూ కనబడింది. అక్క బోటుని అటు తిప్పింది. దగ్గరికెళ్తే అది పాత పెట్టె పలక. స్పీడ్‌బోట్ దూరంగా, సందు దాటి, ఓడ వైపు దూసుకుపోతోంది.

అక్క కళ్లు తుడుచుకుంది. తాబేలు కూడా తుడుచుకోబోయి, చేతిలో ఉన్నది ఆ రుమాలేనని గుర్తొచ్చి ఆగాడు.

ఓడ నిచ్చెన దించింది. బోటులో బావ వంగి పెట్రోలు గొట్టాన్ని రెండో క్యాన్‌కి మార్చడం కనిపించింది. అది ఉత్త పెట్రోలు. మూడు నిమిషాలు గడిచాయి. నాలుగు. మేడమ్ లేచి నిచ్చెనకి చెయ్యి చాచింది. జానెడు దూరం.

మోటారు కీచుమని అరిచి బిగుసుకుపోయింది.

ప్రవాహం బోటుని వెనక్కి లాగింది. జానెడు మూరైంది, మూర బారైంది. ట్రయల్ బోటు జీవితంలో మొదటిసారి ఒకచోటికి టైముకి చేరింది.

మేడమ్ కళ్లద్దాలు తీసి, సిగ్నల్ బుక్ తాబేలు చేతిలో పెట్టింది.

"నేను మొదట్నించీ మీ వైపే. ఎవరి బోటు ముందొస్తుందో చూద్దామని ఆగానంతే."

బావ మాత్రం బిగుసుకుపోయిన మోటారునే చూస్తున్నాడు.

"ఇది రాళ్ల దగ్గరే ఆగి ఉంటే ఏమయ్యేదిరా?" అని అడిగాడు.

తాబేలు రుమాలుని జేబులోకి తోశాడు.

ఆ సాయంత్రం చీఫ్ పైకి రిపోర్టు పంపాడు: రెండు దేశాల మధ్య పరిస్థితి ప్రశాంతం. షెడ్డులో తమ్ముడి ముందు విప్పిన మోటారూ చేతిలో స్క్రూడ్రైవరూ పెట్టి, అక్క వందసార్లు గాలి తీయమంది. అక్కడి పరిస్థితి గురించి ఇంతవరకూ ఏ సమాచారమూ అందలేదు.