ఆపరేషన్ లిబెర్టాస్

"తిరువూరు. ఆగస్టు పదిహేను. చర్చి స్కూలు గ్రౌండులో బాంబు. ఆపు."

చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. సొంత ఊరే కదా, వేషం ఎందుకనుకున్నాడు ఏజెంట్ ప్రేమ్ కిరణ్. అక్కడే బోల్తా పడ్డాడు.

ఇప్పుడు రెడ్డిగూడెం రోడ్డులో, ఖాళీ మామిడి గోడౌన్‌లో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పక్క కుర్చీలో రుచిత. ఎర్ర లిప్‌స్టిక్కు, హైహీల్స్. 'సూయీ యూరిస్' అనే విదేశీ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె కూడా దొరికిపోయింది.

ఎదురుగా స్టాండు మీద ఫోను. అందులో గ్రౌండు లైవ్. జెండా కర్ర పక్కన ముఠా 'విరాళం'గా పంపిన కొత్త సౌండ్ బాక్సు. స్విచ్ వేస్తే పేలుతుంది. స్విచ్ దగ్గర నిలబడింది ఆ స్కూల్లోనే పనిచేసే అంతోనమ్మ. ప్రేమ్ కిరణ్ కన్నతల్లి!

"స్వాతంత్ర్యానికి లాటిన్ మాట ఫోనుకి చెప్పు, బాంబు ఆగుతుంది. మూడు ఛాన్సులు," అని నవ్వి వెళ్లిపోయాడు ముఠా నాయకుడు.

"లిబెర్టాస్!" అరిచాడు ప్రేమ్ కిరణ్. స్క్రీన్ మీద ఎర్ర లైటు.

"అది బానిస కానివాడి మాట సార్," అంది రుచిత.

"ముందే చెప్పి చావొచ్చుగా! అయితే ముఠా పేరే అయ్యుంటుంది. సూయీ యూరిస్!"

మళ్లీ ఎరుపు.

"అది తండ్రి పెత్తనం తప్పినవాడిది. నన్ను చెప్పనివ్వండి. అర్బిట్రియుం! అంటే సొంత ఇష్టం."

ఫోను లాకైపోయింది.

"అర్బిట్రియుం కూడా తీర్పు చెప్పే పెద్దమనిషి మాటే. లాటిన్‌లో ఏ మాట పట్టుకున్నా పక్కనే ఓ యజమాని నిలబడి ఉంటాడు సార్. సరిపోయే మాటే లేదు. వాడు మనతో ఆడుకున్నాడు."

ఛీ, ఏం బతుకు! కన్నతల్లి కళ్లముందు చావబోతుంటే కట్లు కూడా విప్పుకోలేని గూఢచారి! ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

జెండా ఎగిరింది. పూలు రాలాయి. అంతోనమ్మ చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

"వద్దమ్మా!"

ఆమెకెలా వినపడుతుంది? కానీ ఆ చెయ్యి స్విచ్ మీదే ఆగింది.

"ఆగండర్రా! దీవించకుండా కొత్త వస్తువు వాడతామా ఏంటి? ఇవాళే మరియమాత పండగ కూడా కదా, అక్కడ పూజ అయ్యాక ఫాదర్ గారు గంపలగూడెం నించి రానీండి. ఈలోపు పాత మైకు పట్రండి."

పాత మైకులో జనగణమన కీచుమంటూ మొదలైంది.

అది ముగిసేసరికి, ముఠా కంటపడని ప్రేమ్ కిరణ్ చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పట్టుకుని టీమ్ గోడౌన్ తలుపు బద్దలుకొట్టింది. ప్రేమ్ కిరణ్ ఇచ్చిన కబురుతో, ఫాదర్ బండి స్కూలు గేటు దాటేలోపు బాంబ్ స్క్వాడ్ బాక్సుని ఎత్తుకుపోయింది.

సాయంత్రం అమ్మ ఫోన్.

"ఒరేయ్, కొత్త బాక్సు పోలీసులు పట్టుకుపోయార్రా! నువ్వు గవర్నమెంటు ఆఫీసరువి కదా, ఓ మాట చెప్పి విడిపించు."

"నా చేతుల్లో ఏమీ లేదమ్మా," అన్నాడు ప్రేమ్ కిరణ్.

ఇన్నేళ్ల సర్వీసులో అమ్మకి చెప్పిన మొదటి నిజం అదే.