సగం వీడెం

కొండల నడుమ నిలిచిన శంఖగిరి దుర్గాన్ని నేల ఈనినట్టుగా శత్రుసేన చుట్టుముట్టి నలభై రోజులైంది. బురుజుల మీద పతాకాలు వెలిసిపోయాయి, ఏనుగులు దాహంతో గోడలు నాకుతున్నాయి, అయినా కొలువులో పొగడ్తలకు మాత్రం కరువు రాలేదు. ఆస్థానకవి ఆ ఉదయం కూడా రాజుగారి కీర్తిని పాలసముద్రంతో పోల్చి, గుక్కెడు నీళ్ల కోసం చుట్టూ చూశాడు.

సేనాని దామానాయుడు ఆ పద్యం వినలేదు. ఆరు రోజులుగా ఆయన చెవిలో ఒకటే మోత: తూర్పు తలుపును బయటినుంచి కొడుకు బాదిన మోత. ఏటినుంచి నీటితిత్తులతో తిరిగొచ్చిన కొడుకును, వెనుక శత్రువులున్నారన్న సాకుతో, మంత్రి గుండయామాత్యుడు లోపలికి రానివ్వలేదు. నాయుడు బురుజు దిగి వచ్చేలోగా మోత ఆగిపోయింది. ఆనాటినుంచి ఆయన వీరభద్రుడికి దీపం పెట్టలేదు. "నీ చేతిలోనూ కత్తి ఉంది. ఆ రోజుకు కాక దేనికి దాచుకున్నావు?" అని అడిగి వచ్చేశాడు.

శంఖగిరి ఆచారం ప్రకారం, కోట దాటి దండెత్తేవాడు రాజు ముందున్న పళ్లెంలోని తాంబూలపు వీడెం ఎత్తాలి. సగం తుంచి ఎవరికిస్తే వాడు పక్కనే నడవాలి. పళ్లెం మూడుసార్లు తిరిగినా ఎవరూ ముట్టకపోతే కోట అప్పగింతే.

ఆ ఉదయం పళ్లెం రెండుసార్లు తిరిగింది. వీరులందరూ తమ పాదరక్షలను శ్రద్ధగా పరిశీలించారు.

పళ్లెం పట్టిన గుండయామాత్యుడు నిట్టూర్చాడు. "నాయుడుగారు పుత్రశోకంలో ఉన్నారు, ప్రభూ. వారిని అడగడం పాపం. సంధి చేసుకోవడమే ధర్మం."

మూడోసారి పళ్లెం తన ముందుకొచ్చినప్పుడు, ఊరుకుంటే చాలు, అంతా తగలబడిపోతుందని దామానాయుడికి తెలుసు. తగలబడాలనే ఉంది. కానీ కోపం గుండయ మీద. కోట గుండయది కాదు.

వీడెం ఎత్తి, సగం తుంచి మంత్రి చేతిలో పెట్టాడు.

"నేను గంటం పట్టేవాణ్ణి, నాయుడూ."

"తలుపు గడియ కూడా బాగానే పడతారు. నమలండి, ఆకు లేతది."

రాజు మంత్రి వైపే చూస్తున్నాడు. మంత్రి నమిలాడు. కవచం బొజ్జ దగ్గర కలవకపోతే బంట్లు తాడుతో కట్టారు.

మధ్యాహ్నానికి శత్రువుల ధాన్యపు కుప్పలు మండుతున్నాయి. తిరుగుదారిలో అందరికన్నా ముందు తూర్పు తలుపు చేరినవాడు గుండయామాత్యుడే. రెండు చేతులా బాదాడు.

"ఎవరొచ్చినా తీయొద్దని అమాత్యులవారి ఆజ్ఞండీ," అన్నాడు లోపలినుంచి కావలి ముత్తడు.

"నేనేరా అమాత్యుణ్ణి."

"వారైతే ఆజ్ఞ తప్పమనరండీ."

ఈలోగా దామానాయుడు మిగిలిన బంట్లతో వచ్చాడు. శత్రువుల గుర్రాలు బాణం వేటు దూరంలో ఉన్నాయి. మంత్రి పిడికిళ్లు తలుపు మీద చేస్తున్న మోత ఆయన విన్నాడు. అదే మోత. ఒళ్లంతా మండింది.

"తెరువు ముత్తా," అన్నాడు. "నా కొడుక్కి మూసిన తలుపు ఇంకెవరికీ మూయొద్దు."

అని గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. ఆఖరి బంటు లోపలికి వెళ్లేదాకా ఆ దారిన శత్రువన్నవాణ్ణి రానివ్వలేదు. తరవాత ఆయనకు లోపలికి వచ్చే పని లేకపోయింది.

తిండి కాలిపోయిన సేన మూడోనాడు ముట్టడి ఎత్తేసింది. గుండయామాత్యుడు మరో ఇరవై ఏళ్లు సుఖంగా బతికాడు. శంఖగిరిలో ఏ పెళ్లికి వెళ్లినా తాంబూలం పళ్లెం ఆయన వరస దాకా వచ్చేది. అక్కడ పట్టుకున్నవాళ్లకు దగ్గు వచ్చేది, పళ్లెం పక్కకు వెళ్లిపోయేది.