కోటు జేబుల్లో చేతులు

"నేను రాను! చచ్చినా రాను! ఆ హోటల్ ముచ్చట మళ్ళ ఈ ఇంట్ల ఎత్తితే మంచిగుండదు, చెప్తున్న!"

హన్మండ్లు చేతిల ఉన్న స్టీలు గ్లాసు నేలకేసి కొట్టిండు. నీళ్ళు గడపదాంక పారినయి. ఎడపల్లిల ఆ ఇంట్ల ఎన్నడూ గొంతు లేపని మనిషి! పక్కన అన్నం తింటున్న బిడ్డ స్నేహలత చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది... నాలుగేండ్ల నుంచి కడుపుల దాచుకున్న ముచ్చట ఇయ్యాల చెప్తే బాపు ముఖం వెలిగిపోతది అనుకుంది. వెలగలే... మాడిపోయింది!

"ఏమైంది బాపు? దుబాయ్ పోదాం, నువ్వు పనిచేసిన హోటల్‌లనే ఉందాం అన్న! గంతేగా? నేనేం తప్పు చేసిన?"

"టికెట్లు అన్ని వాపస్ ఇచ్చెయ్యి."

"హోటల్ పాయింట్లు ఈ నెలాఖరుకు మురిగిపోతయ్ బాపు! నాలుగేండ్లవి!"

"మురగనియ్యి!"

తువ్వాల భుజాన ఏసుకోని చెరుకు తోట దిక్కు ఎల్లిపోయిండు. తల్లి నాగవ్వ లేసి వచ్చింది. గ్లాసు ఏరుకోని, వంగి నీళ్ళు తుడుస్తుంది. స్నేహలతకు ఏడుపు ఆగలే...

అసలు ఆ టికెట్లు ఎట్ల వచ్చినయో చెప్తే మీరు నమ్మరు! స్నేహలత భర్త నరేందర్‌ది నిజామాబాద్‌ల ఎరువుల దుకాణం. కంపెనీలకు కట్టే పని స్నేహలతదే. నాలుగేండ్ల కింద ఫోన్ల ఒక వీడియో చూసింది. క్రెడిట్ కార్డు మీద కట్టి, గడువు కంటె ముందే బిల్లు మొత్తం తీర్చేస్తే వడ్డీ పడదు, మీదికెళ్ళి పాయింట్లు వస్తయ్! ఆ పాయింట్లే విమానాలల్ల మైళ్ళు అవుతయ్, పెద్ద పెద్ద హోటళ్ళల్ల గదులు అవుతయ్! ఇగ ఆ దినం నుంచి ఆమెకు అదే లోకం! పురుగుల మందు డబ్బాలు, గ్యాస్ బండ, కరెంటు బిల్లు... అన్నీ కార్డు మీదనే. వర్ని ఊర్ల చిన్నాయన బిడ్డ పెండ్లికైతే, బట్టల దుకాణంల చుట్టాలందరికీ అడ్డం నిలబడి, "పైసలు నాకియ్యుండ్రి, నేను కార్డు గీకుత!" అన్నది. అప్పటిసంది చుట్టాలల్ల ఆమె పేరు గీకుడు స్నేహ!

"నీ పాయింట్లు పెట్టి కిలో ఉల్లిగడ్డలు తే, చూద్దాం!" అని నరేందర్ సుత నవ్వెటోడు.

నవ్వనీ! పాయింట్లకు ఇచ్చే సీట్లు రోజూ దొరకవు, ఎప్పుడో ఒకటి రెండు తెరుస్తరు. ఆమె రోజూ పొద్దుగాల పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ పట్టుకునేది. లేవు... లేవు... లేవు... ఒక దినం రెండు తెరుచుకున్నయ్! విమానం ముందల భాగంల, కుర్చీలు మంచాలు అయ్యే సీట్లు! పైసలు పెట్టి కొంటే ఎకరం చెరుకు మీద మిగిలింది ఒక్క సీటుకే సరిపోదు! అవి అవ్వకు, బాపుకు. మిగిలిన మైళ్ళకు ఆమెకు ఎనుక ఒక మామూలు సీటు వచ్చింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, ఆమెకు సోయి లేదు!

ఎందుకంత పట్టుదల అంటే... ఒక అద్దం! ఆమెకు మూడేండ్లప్పుడు బాపు దుబాయ్ పోయిండు. పందొమ్మిదేండ్లు! రెండేండ్లకోసారి వచ్చెటోడు, రెండు నెలలకు పోయెటోడు. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌ల టికెట్ లేనోళ్ళను అద్దం తలుపుల కాడనే ఆపేస్తరు. తల్లీబిడ్డలు ఆ అద్దానికి ముక్కులు ఆనించి చూస్తుంటే, బాపు నీలం బ్యాగు జనంల కలిసిపోయేది... ఒక్కసారి, ఒకే ఒక్కసారి బాపు ఎంబడి ఆ అద్దం దాటాలె! దాటి, బాపు సూపర్‌వైజర్‌గ పనిచేసిన ఆ ఇంద్రభవనంల అవ్వను రెండు రోజులు మహారాణి లెక్క ఉంచాలె!

ఆ హోటల్ ఏదో గోడ మీది ఫోటో చెప్పింది. నల్లకోటు, టై, పక్కన నిలువెత్తు బంగారు డేగ బొమ్మ, రెండు చేతులు కోటు జేబులల్ల పెట్టుకోని బాపు! ఆ ఫోటో చూపిచ్చి నాగవ్వ వాడకట్టు మొత్తానికి, "మా ఆయన పెద్ద హోటల్‌ల సూపర్‌వైజర్" అని చెప్పుకునేది. స్నేహలత ఫోన్ల బంగారు డేగను వెతికి వెతికి ఆ హోటల్‌ను పట్టింది.

పొద్దుగూకంగ హన్మండ్లు ఇంటికి వచ్చేసరికి గోడ మీద ఫోటో లేదు. నాగవ్వ దాన్ని కొంగుతోని తుడిచి బ్యాగుల పెడ్తుంది.

"ఏం చేస్తున్నవే?"

"నువ్వు రావు గదా, నీ ఫోటోను తోలుకపోత. బిడ్డ నాలుగేండ్లు కష్టపడ్డది. ఈ కోటాయనన్నా వస్తడు నా ఎంబడి!"

హన్మండ్లు గడపల నిలబడి ఆ ఫోటోను చానసేపు చూసిండు. అది ఆ హోటల్‌ల ఎవల కంట పడ్తదోనని కండ్లల్ల ఏదో భయం... "దాన్ని గోడకు పెట్టు. నేనే వస్త" అన్నడు సన్నగ. నాగవ్వ పెట్టలే. బ్యాగుల్నే ఉంచింది.

ఆఖరికి ఆ దినం వచ్చింది! అద్దం తలుపు కాడ పోలీసాయన ముగ్గురి టికెట్లు చూసి, "పోండి" అన్నడు. గంతే! పందొమ్మిదేండ్లు ఏడిపిచ్చిన అద్దం రెండు అడుగులల్ల ఎనుకకు పోయింది! స్నేహలత తిరిగి దాన్ని లోపలికెళ్ళి చేతితోని తాకింది.

లోపల ముందు సీట్లోళ్ళు కూసునే లాంజ్ అని ఒకటి ఉంటది. ఇద్దరి టికెట్ల మీద, ఆమె కార్డు మీద ముగ్గురినీ పంపిన్రు. పూరీలు, దోసెలు, పండ్లు, ఏడు తీర్ల మిఠాయిలు! నాగవ్వ నోరు తెరిచింది.

"ఎవలదే పెండ్లి? పిలిచినోళ్ళు ఏరి?"

"ఎవరిదీ కాదే అవ్వా! పాయింట్లది!"

"కట్నం సదివియ్యాల్నా మరి?"

సంచిలకెళ్ళి జొన్నరొట్టె తీసి, ఆడ పెట్టిన మామిడిపండు ముక్కలతోని తిన్నది. హన్మండ్లు మాత్రం చాయ్ కప్పు ముందట పెట్టుకోని ముట్టుకోలే...

విమానం లేసినంక ముందలి పరదా జరుపుకుంట నాగవ్వ ఎనుకకు వచ్చింది. "మమ్మల్ని మంచాల మీద ఎక్కిచ్చి నువ్వీడ ఇరుక్కున్నవేందే?"

"నా పాయింట్లు గంతే అవ్వా. నాకు మంచిగనే ఉంది."

నాగవ్వ కండ్లు నిండినయ్. బట్ట రుమాల్ల మూటకట్టిన మిఠాయి బిడ్డ చేతిల పెట్టింది. "అచ్చం మీ బాపు లెక్కనే నువ్వు. మనకు పంపిండు గని, తనేం తిన్నడో ఎన్నడూ చెప్పలే..."

దుబాయ్‌ల టాక్సీ హోటల్ ముందట ఆగింది. తల ఎత్తి చూస్తే మెడ నొచ్చేంత ఎత్తు! స్నేహలత అంతస్తులు లెక్కపెట్టబోయి నడుమల తప్పింది... ఇది మాకా? నిజంగ మాకేనా? మురుసుకుంట ఇటు తిరిగేసరికి బాపు లేడు! నీలం బ్యాగు భుజాన ఏసుకోని, తల దించుకోని, పక్క సందులకు నడిచిపోతుండు.

"బాపు! ఆడికేడికి? తలుపు ఇటుంది!"

కాళ్ళు ఆగినయ్. మనిషి తిరగలే.

"మా తలుపు అటు బిడ్డా..."

అనేసినంక ఏమన్నడో ఆయనకే తెలిసింది. బ్యాగు కింద పెట్టి గోడకు ఆనుకున్నడు. "నేను సూపర్‌వైజర్‌ను కాను. లోపల బండలు తోమినోన్ని... మందు పోసి, మిషన్ పట్టి, ముఖం కనపడేదాంక తోమాలె. పందొమ్మిదేండ్లు గదే పని. ఆ కోటు కందకుర్తి ఊరి దేవిదాస్‌ది, హోటల్ కారు డ్రైవరు. ఫోటో కోసం రెండు నిమిషాలు ఏసుకున్న. ఈ ముందలి తలుపుల నుంచి ఒక్కనాడు లోపలికి పోలే... మీ అవ్వ ఊరంత చెప్పుకునె. ఏ ముఖం పెట్టుకోని చెప్పాలె?"

స్నేహలత చేతిల ఉన్న ఫోన్ దిక్కు చూసుకుంది. అయ్యో... నాలుగేండ్లు ఏరి ఏరి కూడబెట్టింది బాపును గిట్ల నడిరోడ్డు మీద నిలబెట్టడానికా!

నాగవ్వ దగ్గరికి పోయింది. "చెప్పుడు అయిపోయిందా?"

ఆయన తల ఎత్తలే.

"సూపర్‌వైజర్ చేతులు గట్ల నెర్రెలు వారుతయా? నువ్వు వచ్చినప్పుడల్ల కొబ్బరినూనె రాసింది ఎవలు? నేను కాదా? మొదటిసారికే తెలిసింది నాకు."

"మరి... ఊరందరికీ..."

"ఫోటోల నువ్వు చేతులు దాచినవ్. ఊర్ల నేను దాచిన. ఆ కోటు గుంజేస్తే నువ్వు ఏం పట్టుకోని ఈడ ఉండెటోనివయ్యా? ఒక్కనివి..." కొంగుతోని ముఖం తుడుసుకుంది. "పా, లోపలికి. బిడ్డ మనల్ని తోలుకొచ్చింది. ముందల తలుపు నుంచే పోదాం!"

తలుపుకాడి మనిషి వంగి సలాం కొట్టి తలుపు తీసిండు. అబ్బ...! మబ్బులదాంక లేసిన కప్పు, తలకిందులుగ వేలాడే దీపాల చెట్టు, నడుమ బంగారు డేగ! స్నేహలత మీదికే చూస్తుంది. హన్మండ్లు కిందికే చూస్తుండు. నాగవ్వ టక్కున ఆగి చెప్పులు విడిచి చేతిల పట్టుకుంది.

"అవ్వా, ఏస్కో! అందరు చూస్తున్నరు!"

"చూడనీ. మీ బాపు తోమిన బండ. చెప్పులతోని తొక్కుతనా నేను?"

ఆ తెల్లరాతిల ఆమె ముఖం కనపడుతుంది! వంగి చూసుకుంది, చిన్నపిల్ల లెక్క. హన్మండ్లు మెల్లగ ఒక స్తంభం కాడ కాలితోని చూపిచ్చిండు. "గీ మూల మస్తు సతాయించేది నాగవ్వా... ఎంత తోమినా మెరవకపోయేది."

"ఇప్పుడు మెరుస్తుంది గదా."

కౌంటర్ కాడ ఉన్న పిలగాడు మన దేశపోడే. హిందీల నవ్వుకుంట అడిగిండు, "మొదటిసారి వస్తున్నరా సార్?" అని. స్నేహలత నోరు తెరిచేలోపట్నే బాపు ముందటికొచ్చిండు.

"నహీ బేటా. ఉన్నీస్ సాల్. యే ఫర్ష్ మైనే చమ్‌కాయా."

ఈ బండను పందొమ్మిదేండ్లు మెరిపిచ్చింది ఆయనే అని విని, ఆ పిలగాడు కంప్యూటర్ మీదికెళ్ళి చేతులు తీసిండు. లేసి, బల్ల ఎనుకకెళ్ళి బయటికొచ్చి, బాపు భుజం మీది నీలం బ్యాగు తన చేతులతోని అందుకున్నడు. మోసుకోని ముందు నడిచిండు... ఆ బ్యాగును ఇంకొకరు మోసుడు స్నేహలత పుట్టి బుద్ధెరిగినంక అదే చూసుడు!

"ఫోటో తియ్యి బిడ్డా" అన్నది నాగవ్వ డేగ కాడికి పోయి. హన్మండ్లు పక్కకొచ్చి నిలబడ్డడు. అలవాటు కొద్ది చేతులు ప్యాంటు జేబులల్లకు పోయినయ్.

"ఏమయ్యా! చేతులు!"

బయటికి తీసిండు. నెర్రెలు వారి, గోర్లు అరిగిపోయిన చేతులు... ఏడ పెట్టాల్నో తెల్వలే ఆయనకు. నాగవ్వ రెండింటినీ తన అరచేతుల మీద పెట్టుకుంది.

"ఇగో... గివి మంచిగ కనపడాలె!"

వారం దినాల తర్వాత ఎడపల్లిల గోడ మీద అదే చట్రంల కొత్త ఫోటో ఎక్కింది. పాతది నాగవ్వ పారెయ్యలే. కొత్తదాని ఎనుకనే పెట్టింది. "ఉండనీ... నిన్ను అన్నేండ్లు ఆడ నిలబెట్టింది ఆ కోటాయనే" అన్నది.

పసుపు అడుగుదామని వచ్చిన పక్కింటి శంకరమ్మ ఫోటో ముందట ఆగిపోయింది. "గిదేంది నాగవ్వా? సూపర్‌వైజర్ సాబ్ కోటు ఏది?"

అరుగు మీద కూసున్న హన్మండ్లు తల ఎత్తిండు.

నాగవ్వ పసుపు గిన్నె శంకరమ్మ చేతిల పెట్టింది.

"కోటు దేవిదాస్‌ది శంకరమ్మా... చేతులు మా ఆయనవి!"